డ్రైక్లీనింగ్ షాపులో కాఫీ బార్: పాల కాఫీకి మాత్రమే మందు వాసన, ఎందుకు?

కోనసీమ_కోడలు
మాది అమలాపురం పక్కన. మావయ్యగారు 1996 నుంచి డ్రైక్లీనింగ్ షాపు నడుపుతున్నారు. నేను పెళ్ళికి ముందు బెంగళూరులో ఒక కెఫేలో నాలుగేళ్ళు పనిచేశాను. ఇక్కడికొచ్చాక షాపు ముందు గది ఖాళీగా ఉంటే అందులో కాఫీ బార్ పెట్టాం. గింజలు అరకు అరబికా, వేయించినవి విశాఖ నుంచి వారం వారం తెప్పిస్తాను. ఎస్ప్రెసో మిషన్ సెకండ్ హ్యాండ్‌ది, దానికే రెండు లక్షల పైన అయింది. బట్టల కోసం వచ్చినవాళ్ళు ఎలాగూ పావుగంట నిలబడతారు, ఆ పావుగంట కూర్చోబెడదామని ఆలోచన.

అత్తయ్య వద్దంటున్నా ఆషాఢంలోనే తెరిచాం. ఆ నెలంతా అందరూ బాగుందన్నారు. శ్రావణం వచ్చిన దగ్గర్నుంచి గోల. పాలు పోసిన కాఫీ తాగినవాళ్ళు ఏదో మందు వాసన అంటున్నారు. పాలు లేకుండా తాగే నలుగురైదుగురు మాత్రం ఒక్క మాట అనట్లేదు. నాకు ఒక రోజు తెలుస్తుంది, ఒక రోజు తెలియదు. నిన్న ఒక పెద్దాయన సగం తాగి కప్పు పక్కన పెట్టి "అమ్మాయ్, ఇందులో కలరా ఉండలేమైనా వేశావా" అన్నారు. నలుగురి ముందు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గింజలు మార్చాను, పాలవాణ్ణి మార్చాను, కప్పులన్నీ మరిగించాను. మావయ్యగారేమో "నూట ఇరవై పెట్టి కాఫీ తాగేవాడికి ఏదో ఒక వంక కావాలి కదమ్మా" అంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

పాలకొల్లు_బుల్లోడు
నూట ఇరవయ్యా! మా వీధి చివర ఆ డబ్బుకి పది టీలు, రెండు సమోసాలు వస్తాయండి. వాసన కూడా ఫ్రీ.

అరకు_గింజ
బుల్లోడు గారి లెక్క పక్కన పెడదాం. గింజల్లో మందు వాసన వచ్చే లోపం ఉంటుంది, నిజమే. తడిసి బూజు పట్టిన గింజలకి ఆస్పత్రి వాసన వస్తుంది. కానీ అది పాలు లేని కాఫీలోనే ముందు బయటపడాలి, పాలు కలిస్తే కొంత కప్పేస్తుంది కూడా. మీకు రివర్స్‌లో ఉంది. స్పెషాలిటీ అని అమ్మేదానికి రుచి చూసేవాళ్ళు నూటికి 80 మార్కులైనా వేయాలి, అలాంటి లోపం ఉన్న గింజ ఆ గీత దాటదు. గింజల్ని అనుమానించకండి. పాలు ఎక్కడివి?

కోనసీమ_కోడలు
పక్క ఊరి గేదె పాలు. చిక్కగా ఉంటాయి, నురగ బాగా వస్తుంది. మధ్యలో ప్యాకెట్ పాలు కూడా వాడి చూశాను. అవీ అంతే.

లంక_రైతు
గేదెకి వర్షాకాలంలో ఏదో ఆకు పెట్టుంటారు. మా దూడ ఒకసారి వాయింటాకు మేసింది, రెండు రోజులు ఇంట్లో ఎవరూ పెరుగు ముట్టలేదు.

పాలకొల్లు_బుల్లోడు
దూడ మేస్తే పాలకేం సంబంధం బాబాయ్?

లంక_రైతు
తల్లీ మేసింది. అన్నీ రాయాలా?

కాలవ_నీళ్ళు
ప్యాకెట్ పాలకీ వాసన ఉందంటే గేదె నిర్దోషి. నా అనుమానం నీళ్ళ మీద. మా భీమవరం వైపు బోరు నీళ్ళు ఉప్పు, కాలవ కట్టేసిన రోజుల్లో చెరువు నీళ్ళు వాసన. ఇంకో మాట, మిషన్‌లో నీళ్ళు రెండు దార్లు పోతాయి. కాఫీలోకి వెళ్ళే నీళ్ళు వేరు, పాలు కాచడానికి ఆవిరి ఇచ్చే బాయిలర్ వేరు. ఆ ఆవిరి పాలకి మాత్రమే తగులుతుంది. బాయిలర్ ఎన్నాళ్ళైంది ఖాళీ చేసి? ఆవిరి గొట్టంలోకి పాలు వెనక్కి పీల్చుకుని లోపల కుళ్ళినా కంపు వస్తుంది.

అరకు_గింజ
ఇది మంచి పాయింట్. నాకు తట్టలేదు.

కోనసీమ_కోడలు
కాలవ_నీళ్ళు గారూ, మీరు చెప్పినట్టు ఈ రాత్రే బాయిలర్ ఖాళీ చేయిస్తాను. మా వాడకం టిన్ను నీళ్ళు.

కాలవ_నీళ్ళు
టిన్ను నీళ్ళతో జాగ్రత్త. ఆర్‌ఓ పట్టిన నీళ్ళలో లవణాలు మరీ తక్కువుంటే కాఫీ చప్పగా ఉంటుంది. పైగా బాయిలర్‌లో నీటి మట్టం చూసే పుల్ల నీళ్ళలోంచి కరెంటు పారితేనే పనిచేస్తుంది. నీళ్ళు మరీ "శుభ్రం"గా ఉంటే లోపల నీళ్ళున్నా లేవనుకుని నింపుతూనే ఉంటుంది. మా బావమరిది మిషన్ ఇలాగే ఆవిరి గొట్టంలోంచి వేడినీళ్ళు కక్కింది. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 150 దరిదాపుల్లో ఉంచమంటారు. టిన్ను నీళ్ళలో కొంచెం కుళాయి నీళ్ళు కలిపి మీటరు పెట్టి చూసుకోండి. మీటరు మూడు నాలుగొందలే.

ఇస్త్రీపెట్టె
తణుకులో మాదీ డ్రైక్లీనింగే, ఇరవై రెండేళ్ళుగా. అందరూ కాఫీ గురించే మాట్లాడుతున్నారు, డ్రైక్లీనింగ్ మాట ఎవరూ ఎత్తట్లేదు. అమ్మా, మూడు ప్రశ్నలు. మీ మావయ్యగారు వాడేది ఏ మందు? పాలు పెట్టే ఫ్రిజ్ ఎక్కడుంది? కంప్లైంట్లు ఏ రోజుల్లో ఎక్కువ?

లెక్కల_మాస్టారు
ఆవిడ జవాబిచ్చేలోపు నాదొక ప్రశ్న. రెండు వ్యాపారాలకీ లెక్కలు ఒకటేనా? బట్టల ఉతుకుడు, డ్రైక్లీనింగ్‌కి జీఎస్టీ 18 శాతం, మామూలు కాఫీ హోటల్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకోవడం) లేకుండా 5. ఒకే పాన్ మీద ఉంటే రెండింటి టర్నోవర్ కలిపి చూస్తారు, 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కాఫీ బిల్లు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు కూడా ఉండాలి. ఒకే బిల్లు పుస్తకంలో "రెండు చీరలు, ఒక కాపుచినో" అని రాస్తే ఆడిటర్ మీ షాపుకే వచ్చి కాఫీ తాగుతాడు.

దుబాయ్_బాబాయ్
"రెండు చీరలు, ఒక కాపుచినో". నేనైతే షాపుకి ఆ పేరే పెడతా.

పాలకొల్లు_బుల్లోడు
కాఫీ చీర మీద ఒలకబోయడం, చీర డ్రైక్లీనింగ్‌కి తీసుకోవడం, ఆరేలోపు ఇంకో కాఫీ అమ్మడం. ఇంతకన్నా వ్యాపారం ఏముందండి.

కోనసీమ_కోడలు
ఇస్త్రీపెట్టె గారూ: మందు పెర్క్, నీళ్ళ బదులు బట్టల జిడ్డు తీసే ద్రవం. పెద్ద మిషనే, 2011లో హైదరాబాద్ నుంచి పాతది తెచ్చారు. ఫ్రిజ్ కౌంటర్ కింద పట్టేది, చిన్నది. దాని వెనక చెక్క పార్టిషన్, పైకప్పు దాకా ఉండదు. అవతల ఇస్త్రీ అయిన బట్టలు వేలాడదీసే లైను. కంప్లైంట్లు శుక్ర, శని వారాల్లో ఎక్కువ. మంగళవారం దాదాపు ఉండవు.

మాస్టారూ, లెక్కలు ఒకటే. గల్లాపెట్టె కూడా ఒకటే. అదింకో రామాయణం.

ఇస్త్రీపెట్టె
సరే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, మీ మావయ్యగారికి పని లేదు, కాఫీకి వాసన లేదు. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతం, పట్టుచీరల గుట్ట. శుక్రవారానికి కావాలి, శనివారం ముహూర్తానికి కావాలి అని ఒత్తిడి. అప్పుడు మనందరం చేసే తప్పే చేస్తున్నారు ఆయన. మిషన్‌లో ఆరబెట్టే టైం కోసేస్తున్నారు. నలభై నిమిషాలు తిరగాల్సింది ఇరవైకే తీసేస్తే చీర చేతికి పొడిగానే ఉంటుంది, కానీ పోగుల్లో పెర్క్ మిగిలి ఉంటుంది. దాన్ని లైను మీద వేలాడదీస్తే అది తీరిగ్గా గాల్లోకి వస్తుంది.

పెర్క్ ఆవిరి గాలికన్నా దాదాపు ఆరు రెట్లు బరువు. చాలావరకు కిందికే దిగుతుంది. పార్టిషన్ కింద సందులోంచి పారి నేలమీద కూర్చుంటుంది. అక్కడేముంది? మీ ఫ్రిజ్. అందులో ఏముంది? మూత లేని గిన్నెలో చిక్కటి గేదె పాలు. మూత లేదు కదా?

కోనసీమ_కోడలు
లేదు. స్టీలు గిన్నె, చేతికందేలా. గంటకి ముప్పై సార్లు ఫ్రిజ్ తలుపు తీస్తాను.

ఇస్త్రీపెట్టె
పెర్క్ పనే కొవ్వుని కరిగించడం. కాలర్ మీద జిడ్డు పోయేది అందుకే. ఆ స్నేహం రెండువైపులా ఉంటుంది, కొవ్వు కూడా దాన్ని పట్టుకుంటుంది. అమెరికాలో డ్రైక్లీనింగ్ షాపుల పైన కాపురముండేవాళ్ళ ఇళ్ళల్లో వెన్న తీసి పరీక్షిస్తే అందులో పెర్క్ దొరికింది. గింజలు మీరు గాలి చొరని డబ్బాల్లో పెడతారు కాబట్టి వాటికి అంటలేదు.

నమ్మకం లేకపోతే వెన్నతోనే చూడండి. ఒక ముద్ద ఆ ఫ్రిజ్ పక్కన నేలమీద, ఇంకో ముద్ద మీ ఇంట్లో, రాత్రంతా ఉంచి పొద్దున వాసన చూడండి. వాసన మాత్రమే. రుచి చూడొద్దు, పిల్లికి కూడా పెట్టొద్దు.

అరకు_గింజ
దండం సార్. నేను గింజలో తేమ శాతం అడగబోతున్నాను.

రాజోలు_రాజు
ఇంత పరిశోధన ఎందుకండి, అక్కడే గింజలు వేయించడం మొదలెట్టండి. ఆ కమ్మటి వాసనకి ఏ మందు వాసనైనా పారిపోతుంది. చిన్న గ్యాస్ రోస్టర్ లక్షన్నరకి దొరుకుతోంది.

ఇస్త్రీపెట్టె
రాజు గారూ, దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. పెర్క్ అంటుకోదు, నిజమే. కానీ దాని ఆవిరి మంటకి తగిలితే విడిపోయి ఫాస్జీన్ పుట్టొచ్చు, అది మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు. చిన్న షాపుల్లో వాడే టర్పెంటైన్ రకం మందైతే ఇంకో చావు, అది నేరుగా అంటుకుంటుంది, మే నెలలో మన ఎండకే దాని ఆవిరి సిద్ధంగా ఉంటుంది. డ్రైక్లీనింగ్ ఉన్న కప్పు కింద మంట పెట్టే రోస్టర్ వద్దు. ఎంత కమ్మటి వాసన వచ్చినా వద్దు.

రాజోలు_రాజు
ఆయ్, తెలియక అన్నానండి. వెనక్కి తీసుకుంటున్నా.

పెద్దాపురం_పిన్ని
నేను వేరే సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు అమ్మాయ్. చావింటి దుప్పట్లు, మంచాన పడ్డవాళ్ళ రగ్గులు కూడా మీ షాపుకే వస్తాయి కదా. అవి ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నాయి? కాఫీ తాగేవాళ్ళ ముందునుంచేనా? వాసన లేకపోయినా మా వయసువాళ్ళు అక్కడ కూర్చోరు.

దుబాయ్_బాబాయ్
ఏ కాలంలో ఉన్నారు పిన్నిగారూ. ఆస్పత్రి క్యాంటీన్‌లో తాగట్లేదా?

పెద్దాపురం_పిన్ని
అక్కడ గతిలేక తాగుతాం నాయనా. నూట ఇరవై ఇచ్చి తాగం.

కోనసీమ_కోడలు
పిన్నిగారు చెప్పింది జరిగింది. మొన్న ఒకావిడ కేకు ముక్క తింటోంది. ఇంకొకాయన వచ్చి మాసిన రగ్గు తీసి అదే కౌంటర్ మీద పెట్టారు, "మా నాన్నగారిది, పదో రోజు కూడా అయిపోయింది" అంటూ. ఆవిడ కేకు వదిలేసి డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. తప్పు ఆయనదీ కాదు, ఆవిడదీ కాదు. పక్క సందులో మాకు ఇంకో తలుపు ఉంది, పాత సామాన్లు అడ్డం పెట్టి మూసేశాం. బట్టలు ఇచ్చేవాళ్ళకి అది తెరుద్దామంటే, "ముప్పై ఏళ్ళుగా ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్ళని సందులోకి పంపమంటావా" అని మావయ్యగారు ఒప్పుకోవట్లేదు.

లెక్కల_మాస్టారు
ఇవ్వడానికి సందు, తీసుకోవడానికి ముందు గుమ్మం అనండి. ఉతికి మడతపెట్టినవి ముందునుంచి పోతే ఆయన గౌరవానికీ లోటుండదు, మీ కాఫీ కూడా అమ్ముడవుతుంది. ఇచ్చేటప్పుడు అందరికీ తొందరే, కాఫీ తాగేది తీసుకునేటప్పుడే. గల్లాపెట్టె రామాయణం ఏంటో చెప్పండి.

కోనసీమ_కోడలు
చుట్టాలు, మాస్టారూ. మావయ్యగారికి ఊరంతా చుట్టాలే. "మనవాడే, ఒక కాఫీ ఇవ్వమ్మా" అంటారు. బట్టలకి మాత్రం వాళ్ళ దగ్గరే పైసా వదలరు. ఆయన లెక్కలో బట్టలు వ్యాపారం, కాఫీ మర్యాద.

దుబాయ్_బాబాయ్
ఇది ఫ్రేము కట్టి గోడకి తగిలించాల్సిన మాట. మా అన్నయ్య హోటల్ మర్యాదతోనే మూతపడింది.

లెక్కల_మాస్టారు
మర్యాద కాఫీలకి వేరే నోటుపుస్తకం పెట్టండి. ఆయన చేతే రాయించండి. నెలాఖరుకి మొత్తం కట్టి, ఏమీ అనకుండా ఆయన ముందు పెట్టండి. మా ఇంట్లో సిగరెట్లు ఇలాగే మానిపించాను, నావే.

కోనసీమ_కోడలు
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. ముందు కాలవ_నీళ్ళు గారికి: బాయిలర్ ఖాళీ చేస్తే అడుగున సున్నం గసి వచ్చింది, కడిగించాం. వాసన మాత్రం అలాగే ఉంది.

తర్వాత వెన్న. శుక్రవారం రాత్రి రెండు గిన్నెలు పెట్టాను, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. పొద్దున షాపు గిన్నె మూతి దగ్గర ముక్కు పెట్టగానే వెనక్కి తీసుకున్నాను. అచ్చం ఇస్త్రీ గది వాసన. మా ఆయనకి ఇచ్చాను, ముఖం చిట్లించారు. అత్తయ్యకి ఇచ్చాను, "ఛీ" అన్నారు. మావయ్యగారికి ఇచ్చాను. చూశారు. మళ్ళీ చూశారు. "రెండూ వెన్న వాసనే కదమ్మా" అన్నారు.

మేం ముగ్గురం నిలబడిపోయాం. ఆయనకి ఆ వాసన తెలియట్లేదు. పొద్దుటినుంచి రాత్రిదాకా అందులోనే ఉంటారు కదా.

ఇస్త్రీపెట్టె
నాకూ తెలిసేది కాదు. మా అబ్బాయి కాలేజీ హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా "నాన్నా, నీ చొక్కా" అనేవాడు, పట్టించుకోలేదు.

అమ్మా, కాఫీ సంగతి అటుంచండి. సాయంత్రాలు ఆయనకి తలనొప్పి, తల తిరగడం ఉందేమో అడగండి. ఆరుతున్న మిషన్‌లో తల పెట్టి నూలు తీసే అలవాటుందేమో చూడండి. పెర్క్ మామూలు మందు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని 2ఏ గ్రూపులో పెట్టింది, అంటే మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్నవాటిలో. అమెరికాలో 2024 డిసెంబరులో డ్రైక్లీనింగ్‌లో దాన్ని పదేళ్ళలో ఆపేయాలని రూల్ ఇచ్చారు.

రేపే చూడాల్సినవి: తలుపు రబ్బరు గట్టిపడి పగిలిందా, నూలు ఫిల్టర్ ఎప్పుడు కడిగారు, చల్లబరిచే నీళ్ళు ఎక్కడివి. మిషన్ లోపలి ఆవిరిని మళ్ళీ ద్రవం చేసి వెనక్కి లాగేది ఆ నీళ్ళే. మేడమీద నల్ల ట్యాంకు నీళ్ళైతే మధ్యాహ్నానికి టీ పెట్టుకోవచ్చు, వాటితో ఏం చల్లబడుతుంది? నాకూ అదే జరిగింది. ట్యాంకు మీద తాటాకు పందిరి వేసి, తర్వాత చిల్లర్ పెట్టించాను. మందు ఖర్చు కూడా తగ్గింది. ఆ ఒక్క మాటకే మా నాన్న ఒప్పుకున్నారు.

కాలవ_నీళ్ళు
నీళ్ళ దగ్గరికే వచ్చింది చూశారా. నేను తప్పేం చెప్పలేదు.

అరకు_గింజ
తప్పు ట్యాంకు చెప్పారు అంతే.

కోనసీమ_కోడలు
నల్ల ట్యాంకే. మేడమీదే. తలుపు రబ్బరు ఒకవైపు గోరు పట్టేంత చీలింది. తలనొప్పి సంగతి అడిగితే "వయసు" అన్నారు. అత్తయ్య పక్కనుంచి "ఆదివారం రాదే మరి ఆ వయసు" అన్నారు.

ఇప్పటిదాకా చేసినవి: రబ్బరు మార్పించాం. ఫ్రిజ్ ఇంటి వసారాలోకి పోయింది, పాలు మూతున్న సీసాల్లో, పూటకి సరిపడా మాత్రమే ఇటు తెస్తున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాను పైకప్పు దగ్గరుండేది, నేలకి అడుగు ఎత్తున ఇంకోటి పెట్టించాం. పార్టిషన్ పైదాకా కట్టేసి కింద సందు మూయిస్తున్నాం. ఆరే టైం కోయకూడదని మా ఆయన మిషన్ మీద స్కెచ్ పెన్‌తో రాశారు. డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్తున్నాం, ఇంకా ఆయనకి చెప్పలేదు.

సందు తలుపు కూడా తెరిచారు, మాస్టారు చెప్పిన "ముందునుంచి తీసుకెళ్ళండి" మాటతో. బోర్డు ఆయనే రాయించారు.

నిన్న మీ పోస్టులన్నీ ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "ముప్పై ఏళ్ళు నేను పీలిస్తే ఎవరికీ పట్టలేదు, పాల గిన్నె పీల్చేసరికి ఇంతమంది వచ్చారా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పెద్దాపురం_పిన్ని
సోమవారం సంగతి ఆయనకి ఆదివారం రాత్రే చెప్పు. పొద్దున చెబితే షాపు తాళం తీసుకుని వెళ్ళిపోతారు. మగాళ్ళు అంతే.

ఇస్త్రీపెట్టె
డాక్టరుకి మందు పేరు రాసి ఇవ్వండి: పెర్క్లోరోఇథిలిన్. "డ్రైక్లీనింగ్ షాపు" అని చెబితే ఇస్త్రీ అనుకుంటారు. లివరు, కిడ్నీ పరీక్షలు అడగండి.

లెక్కల_మాస్టారు
మర్యాద పుస్తకం ఏమైంది?

కోనసీమ_కోడలు
ఎనిమిది రోజులకి 61 కాఫీలు. ఆయన చేతిరాతే. చూసి, "ఇందులో పదిహేను నేనే తాగాను" అన్నారు. ఇన్నాళ్ళూ టీ తప్ప ముట్టని మనిషి.

పాలకొల్లు_బుల్లోడు
అక్కా, ఎల్లుండి అమలాపురం పనుంది, వస్తాను. కాఫీ తాగుతాను, నూట ఇరవయ్యీ ఇస్తాను. మా ఆవిడ పట్టుచీర మీద అరటి కర మరక ఉంది, అది కూడా తెస్తున్నాను. పోతుందా?

ఇస్త్రీపెట్టె
అరటి కర పాతదైతే పోదు. ఇస్త్రీ చేశారా దాని మీద?

పాలకొల్లు_బుల్లోడు
నేనే చేశానండి.

ఇస్త్రీపెట్టె
అయితే కాఫీ ఒక్కటి తాగి రండి.